‘మీద’ చాలని చోట: లోహ-ఆక్సైడ్ ఉత్ప్రేరకాల తెలుగు వివరణ – కారకదృష్టితో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఘన ఉత్ప్రేరకాల్లో లోహపు రేణువులు సాధారణంగా ఏదో ఒక ఆక్సైడ్‌పై పరచుకొని ఉంటాయి. ఆ ఆక్సైడ్‌ను తెలుగులో ‘ఆధారం’ అంటున్నారు. లోహం పనిచేస్తుందనీ, ఆక్సైడ్ దానికి చోటు మాత్రమే ఇస్తుందనీ ఈ మాట స్ఫురింపజేస్తుంది. అయితే 1978 తరువాత జరిగిన పరిశోధనలు ఆక్సైడ్ కూడా చర్యలో భాగస్వామి అని నిరూపించాయి. ఈ మార్పును తెలుగు వివరణ అందుకోలేకపోవడానికి కారణం పారిభాషిక పదాల కొరత కాదని, విభక్తుల ఎంపికలోని అజాగ్రత్త అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కారకవిభాగం, చిత్తూరు-తిరుపతి ప్రాంతపు వృత్తిపదాలు ఈ లోపాన్ని ఎంతవరకు సవరించగలవో, ఎక్కడ ఆగిపోతాయో పరిశీలించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: ఉత్ప్రేరకం, ఆధారం, ఆక్సైడ్, అధికరణం, విభక్తి, పరిభాష, కలంకారీ, కళాయి, మరవ.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో శాస్త్రపరిభాష గురించి జరిగిన చర్చ చాలావరకు నామవాచకాల చుట్టూ తిరిగింది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడిన నాటి నుంచి, 1968లో తెలుగు అకాడమీ స్థాపన తరువాత పాఠ్యగ్రంథాల నిర్మాణం ముమ్మరమైన కాలం వరకు, ప్రధానప్రశ్న ఒక్కటే: ఫలానా ఆంగ్లపదానికి తెలుగుమాట ఏది? సంస్కృతం నుంచి కల్పించాలా, వాడుక నుంచి ఏరుకోవాలా, ఆంగ్లాన్నే ఉంచాలా అనే వాదాలన్నీ ఈ ప్రశ్నకు ఉపప్రశ్నలే. శాస్త్రం పదాల్లో కాక వాక్యాల్లో ఉంటుందన్న సంగతి ఈ చర్చలో వెనుకబడింది. ఒక పదార్థానికి పేరు దొరికినంత మాత్రాన అది ఏం చేస్తుందో చెప్పగలిగినట్లు కాదు.

ఈ లోపం స్పష్టంగా కనిపించే చోటు ఘన ఉత్ప్రేరకాల వివరణ. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 2015లో ప్రారంభమైన ఐఐటీ, ఐసర్ సంస్థలు తిరుపతిని విజ్ఞానశాస్త్ర విద్యకు కేంద్రంగా నిలిపాయి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు పల్లెల నుంచి వచ్చే విద్యార్థికి రసాయనశాస్త్రం ఆంగ్లగ్రంథాల్లో అందినా, అర్థమయ్యేది తరచుగా అధ్యాపకుడు తెలుగులో చెప్పే వాక్యం ద్వారానే. ఆ వాక్యంలో పొరపాటు ఉంటే, ఆంగ్లపదం ఎంత సరైనదైనా భావన వంకరగానే స్థిరపడుతుంది.

2. ‘ఆధారం’ అనే మాట ఏం చెబుతుంది?:

తరగతి గదిలో తరచుగా వినిపించే నిర్వచనం ఇది: చర్యలో పాల్గొనకుండా చర్యావేగాన్ని మార్చే పదార్థం ఉత్ప్రేరకం. ఇందులో ‘పాల్గొనకుండా’ అనేది తప్పు. ఉత్ప్రేరకం చర్యలో నిశ్చయంగా పాల్గొంటుంది. అణువులు దాని ఉపరితలానికి అంటుకుంటాయి, వాటి బంధాలు తెగుతాయి, కొత్త బంధాలు ఏర్పడతాయి, ఉత్పన్నం విడిపోతుంది. ఇదంతా జరిగాక ఉత్ప్రేరకం మళ్లీ మొదటి స్థితికి వస్తుంది. కాబట్టి ‘చివరకు ఖర్చుకాకుండా’ అనాలి. పాల్గొనడానికీ ఖర్చుకావడానికీ తేడా చెప్పని నిర్వచనం, మొదటి అడుగులోనే ఉత్ప్రేరకాన్ని సాక్షిగా నిలబెడుతుంది.

‘ఆధారం’ అనే మాట ఈ దోషాన్ని మరో మెట్టు కిందికి దించుతుంది. లోహం ఖరీదైనది కాబట్టి దాన్ని సూక్ష్మరేణువులుగా చేసి, ఎక్కువ ఉపరితలం ఉన్న ఆక్సైడ్‌పై పరుస్తారు. అల్యూమినా, సిలికా, టైటానియా, సీరియా ఇలాంటి ఆక్సైడ్లు. రేణువులు వేడికి ఒకదానితో ఒకటి కలిసి పెద్ద ముద్దలు కాకుండా ఆక్సైడ్ వాటిని విడివిడిగా నిలుపుతుంది. ఇంతవరకు ‘ఆధారం’ సరైన మాటే. పీట మీద విగ్రహం, గోడ మీద చిత్రం ఉన్నట్లు ఆక్సైడ్ మీద లోహం.

తెలుగు వాడుకలో ఆక్సైడ్‌కు ఉన్న సాంస్కృతికస్థానం కూడా ఈ భావనను బలపరుస్తుంది. ఇనుముకు పట్టేది తుప్పు, రాగికి ఇత్తడికి పట్టేది చిలుము. రెండూ లోహం చెడిపోయిన స్థితిని సూచించే మాటలు. మనిషి బుద్ధి మందగిస్తే ‘తుప్పు పట్టింది’ అంటారు. సున్నం కూడా ఆక్సైడే అయినా దాన్ని ఒక లోహానికి సంబంధించినదిగా వాడుక గుర్తించదు. లోహం విలువ, ఆక్సైడ్ దాని నాశనం అన్న ఈ విభజన భాషలో లోతుగా ఉంది. అందువల్ల లోహం కర్తగా, ఆక్సైడ్ పీటగా ఉండే వాక్యం తెలుగువారికి సహజంగా తోస్తుంది. సహజంగా తోచడమే దాని ప్రమాదం.

3. పీట కదిలిన సందర్భం:

ఆక్సైడ్ నిష్క్రియం కాదన్న అనుమానం మొదటినుంచీ ఉంది. 1913లో జర్మనీలోని ఒప్పావులో ప్రారంభమైన అమోనియా ఉత్పత్తిలో ఇనుముతో పాటు అల్యూమినా, పొటాషియం ఆక్సైడ్ చేర్చారు. అవి లేకపోతే ఇనుము సామర్థ్యం పడిపోతుంది. లోహానికీ ఆక్సైడ్‌కూ మధ్య ఎలక్ట్రాన్ల మార్పిడి జరుగుతుందని జర్మన్ శాస్త్రవేత్త ష్వాబ్ వంటివారు తరువాతి దశాబ్దాల్లో వాదించారు.

అనుమానాన్ని కేంద్రసమస్యగా మార్చింది 1978లో టాస్టర్, ఫంగ్, గార్టెన్ అనే ఎక్సాన్ సంస్థ పరిశోధకుల ప్రకటన. టైటానియాపై ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాలను ఉంచి, హైడ్రోజన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ వద్ద క్షయకరణం చేస్తే, ఆ లోహాలు హైడ్రోజన్‌నూ కార్బన్ మోనాక్సైడ్‌నూ మామూలుగానే అధిశోషించుకున్నాయి. అదే నమూనాను 500 డిగ్రీల వద్ద క్షయకరణం చేస్తే ఆ శక్తి దాదాపు శూన్యమైంది. రేణువులు కరిగి ముద్దలయ్యాయా అంటే, కాలేదు. తిరిగి ఆక్సీకరణం చేసి, తక్కువ ఉష్ణోగ్రత వద్ద క్షయకరణం చేస్తే పూర్వస్థితి వచ్చింది. దీనికి వారు ‘ప్రబల లోహ-ఆధార పరస్పరచర్య’ అనదగిన పేరు పెట్టారు.

తరువాతి పరిశోధనలు చూపిన కారణం ఆసక్తికరమైనది. అధిక ఉష్ణోగ్రత వద్ద టైటానియా కొంత ఆక్సిజన్‌ను కోల్పోతుంది. అలా క్షయకరణం చెందిన ఆక్సైడ్ లోహపు రేణువు పైకి పాకి పలచని పొరగా కప్పుతుంది. కింద ఉన్నది పైకి వచ్చింది. ‘టైటానియా మీద ప్లాటినం’ అన్న వాక్యం ఇక్కడ అక్షరాలా తలకిందులైంది. ఈ స్థితిలో ప్లాటినం టైటానియా కింద ఉంది.

4. బంగారం నేర్పే పాఠం:

లోహపు గుణం లోహంలోనే ఉంటుందన్న నమ్మకానికి బంగారం గొప్ప ఉదాహరణ. తిరుమలలో ఆనందనిలయ విమానానికి బంగారు తాపడం ఉండడానికి పవిత్రతతో పాటు ఒక రసాయనకారణమూ ఉంది. ఎండావానల్లో బంగారం తుప్పు పట్టదు, చిలుము పట్టదు, దేనితోనూ సులభంగా చర్య జరపదు. ఈ నిర్లిప్తత వల్లనే ఉత్ప్రేరకశాస్త్రం దాన్ని చాలాకాలం పట్టించుకోలేదు.

1987లో జపాన్ శాస్త్రవేత్త హరుతా బృందం ఇనుము, కోబాల్టు, నికెల్ ఆక్సైడ్లతో కూర్చిన అతిసూక్ష్మ బంగారురేణువులు సున్నా డిగ్రీలకు చాలా దిగువన కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరిస్తాయని చూపింది. బంగారం మారిందా? రేణువు పరిమాణం కొన్ని నానోమీటర్లకు తగ్గడం ఒక కారణం. అది మాత్రమే చాలదు. అదే పరిమాణపు బంగారం, ఆక్సిజన్‌ను సులువుగా ఇచ్చిపుచ్చుకోని సిలికా వంటి ఆక్సైడ్‌తో ఉంటే సాధారణంగా అంతటి చురుకుదనం చూపదు. బంగారమూ ఆక్సైడూ కలిసే అంచు వద్ద ఉన్న పరమాణువులు చర్యలో ముఖ్యపాత్ర వహిస్తాయన్న అవగాహన తరువాత బలపడింది.

ఇక్కడ కర్త ఎవరు? బంగారం అంటే సగం నిజం. ఆక్సైడ్ అంటే అదీ సగం నిజమే. చర్య జరిగేది రెండింటి పొలిమేరలో. ‘ఆధారం’ అన్న మాటలో ఈ పొలిమేరకు చోటు లేదు.

5. కారకదృష్టి:

లోహం, ఆక్సైడ్ పేర్లను శాస్త్రజ్ఞులు ఒక అడ్డగీతతో కలిపి రాస్తారు: ప్లాటినం/టైటానియా. ఆ గీత ఏ సంబంధాన్నీ నిర్ణయించదు. తెలుగులో చదివేటప్పుడు దాన్ని ఏదో ఒక విభక్తితో పూరించక తప్పదు. అలవాటుగా పూరించేది ‘మీద’. బాలవ్యాకరణం చెప్పిన సప్తమీప్రత్యయాల్లో ‘మీద’ లేకపోయినా, నేటి వాడుకలో అధికరణార్థాన్ని ప్రధానంగా మోస్తున్నది ఆ మాటే. అంటే గీతను చదివిన ప్రతిసారీ, తెలియకుండానే, ఆక్సైడ్‌ను అధికరణంగా నిర్ణయించడం జరుగుతోంది.

వ్యాకరణసంప్రదాయం అధికరణాన్నే మూడు విధాలుగా విభజించింది: చాప మీద కూర్చున్నట్లు తాకి ఉండే ఔపశ్లేషికం, మోక్షమందు ఇచ్ఛ ఉన్నట్లు విషయంగా ఉండే వైషయికం, నువ్వులలో నూనె ఉన్నట్లు అంతటా వ్యాపించే అభివ్యాపకం. ‘ఆధారం’ మొదటిదాన్ని మాత్రమే సూచిస్తుంది. లోహ-ఆక్సైడ్ సంబంధాలు అధికరణాన్ని దాటి ఇతర కారకాల్లోకి కూడా విస్తరిస్తాయి. వాటిని ఇలా వర్గీకరించవచ్చు.

5.1 అధికరణం (మీద): ఆక్సైడ్ లోహరేణువులను చెదరకుండా నిలపడం. అల్యూమినా మీద ప్లాటినం పరచుకుంది.

5.2 అపాదానం (నుంచి, వలన): ఆక్సైడ్ తన స్ఫటికజాలంలోని ఆక్సిజన్‌ను చర్యకు ఇవ్వడం. 1954లో మార్స్, వాన్ క్రెవెలెన్ ప్రతిపాదించిన విధానం ఇదే. ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్ వెళ్లి ఏర్పడిన ఖాళీని గాలిలోని ఆక్సిజన్ పూరిస్తుంది. పెట్రోలు కార్ల పొగగొట్టంలో అమర్చే ఉత్ప్రేరకంలో సీరియా చేసే పని దీనికి దగ్గరిది. ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు దాచుకుంటుంది, తక్కువైనప్పుడు ఇస్తుంది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో బెంజరం మహీపాల్ రెడ్డి బృందం సీరియా కలిసిన మిశ్రమ ఆక్సైడ్లపై విస్తృతంగా పరిశోధించింది. తెలుగునేలపై ఆంగ్లంలో జరిగిన ఈ పరిశోధనను తెలుగులో చెప్పాలంటే ‘సీరియా మీద’ అన్న మాటతో ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. ‘సీరియా నుంచి’ అనాలి.

5.3 సంప్రదానం (కు, కొరకు): లోహం తన వద్ద ఉన్నదాన్ని ఆక్సైడ్‌కు ఇవ్వడం. ప్లాటినం హైడ్రోజన్ అణువును రెండు పరమాణువులుగా విడదీస్తుంది. ఆ పరమాణువులు పక్కనున్న ఆక్సైడ్‌కు చేరుతాయి. ప్లాటినంతో కలిపిన పసుపుపచ్చని టంగ్‌స్టన్ ఆక్సైడ్ గది ఉష్ణోగ్రత వద్దనే హైడ్రోజన్‌లో నీలంగా మారడం ద్వారా 1964లో ఖూబియార్ దీన్ని చూపారు.

5.4 సహార్థం (తో, తోడ): అంచు వద్ద లోహమూ ఆక్సైడూ కలిసి ఒకే క్రియను నిర్వహించడం. బంగారం ఐరన్ ఆక్సైడ్‌తో కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరిస్తుంది.

5.5 అధికరణ విపర్యయం (కింద): ఆక్సైడ్ లోహాన్ని కప్పివేయడం.

ఒకే ఉత్ప్రేరకంలో ఈ సంబంధాలు ఒకటికి మించి ఉండవచ్చు. ఉష్ణోగ్రత, వాయువు మారితే ఒకటి మరొకటిగా మారవచ్చు. అందువల్ల ‘ఆధారం’ తీసివేసి మరో నామవాచకం పెట్టినంత మాత్రాన సమస్య తీరదు. ‘సహకారి’ అనే మాటను ఉదాహరణగా తీసుకుంటే ఇది తేటపడుతుంది. సహకారం అనగానే మేలు అనే అర్థం వస్తుంది. టైటానియా లోహాన్ని కప్పి అధిశోషణాన్ని ఆపినప్పుడు అది సహకారమా? ‘తో’ అన్న విభక్తికి ఈ చిక్కు లేదు. స్నేహితునితో నడుస్తాం, శత్రువుతో పోరాడుతాం. సంబంధాన్ని అంగీకరిస్తూ, దాని ఫలితాన్ని క్రియకు వదిలిపెట్టే గుణం ఈ ప్రత్యయానికి ఉంది. శాస్త్రవాక్యానికి కావలసినది ఈ తటస్థతే.

6. ప్రాంతీయ వృత్తిపదాల సాక్ష్యం:

పొలిమేర రసాయనాన్ని చెప్పగల మాటలు తెలుగుకు కొత్త కావు. అవి పాఠ్యగ్రంథాల్లో కాక పనిచేసే చేతుల్లో ఉన్నాయి.

శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను ముందుగా కరక్కాయ రసం, పాలు కలిపిన ద్రవంలో నానబెడతారు. ఇనుపముక్కలు, బెల్లం నీటిలో పులియబెట్టి తీసిన కసింతో గీతలు గీస్తారు. కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసినప్పుడే నలుపు తేలుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక పూస్తారు. రంగునిచ్చే వేరుతో కలిపి గుడ్డను ఉడికిస్తే పటిక ఉన్న చోటే ఎరుపు నిలుస్తుంది. ఈ వృత్తిలో గుడ్డ ‘ఆధారం’ అని ఎవరూ అనుకోరు. సిద్ధం చేయని గుడ్డ మీద అదే కసిం అదే నలుపును ఇవ్వదని కళాకారునికి తెలుసు. వారి వాడుకలో రంగు గుడ్డకు ‘పడుతుంది’. ‘పట్టు’ అనే ధాతువులో తాకడం, పట్టుకోవడం, నిలవడం మూడూ ఉన్నాయి.

ఇత్తడిపాత్రలకు కళాయి పూసే పనివారి అనుభవం లోహ-ఆక్సైడ్ సమస్యకు మరింత దగ్గరిది. పాత్రను వేడిచేసి, నవసాగరం చల్లి, తగరాన్ని గుడ్డతో రుద్దుతారు. వేడికి నవసాగరం నుంచి వెలువడే ఆమ్లం పాత్రపైనున్న ఆక్సైడ్ పొరను తొలగిస్తుంది. ఆ పొర ఉంటే కళాయి అంటదు. కంటికి కనిపించని పొర రెండు లోహాల సంబంధాన్ని శాసిస్తుందన్న సత్యం ఈ ‘అంటదు’ అనే ఒక్క మాటలో ఉంది.

మూడవది చెరువు నుంచి వచ్చిన మాట. చెరువు నిండి మిగులునీరు కట్ట పక్కనుంచి పొర్లడాన్ని రాయలసీమలో మరవ పోవడం అంటారు, మొరవ అనే ఉచ్చారణ కూడా ఉంది. గొలుసుకట్టు చెరువుల్లో మరవ నీరు వృథా కాదు, దిగువ చెరువుకు చేరుతుంది. లోహం దగ్గర పుట్టిన హైడ్రోజన్ పరమాణువులు ఆక్సైడ్‌లోకి చేరడాన్ని వివరించడానికి ఇంతకన్నా తగిన దేశిపదం దొరకడం కష్టం. ‘హైడ్రోజన్ మరవ’ అన్నప్పుడు ఎక్కడ నిండింది, ఎటు పారింది, ఎవరికి అందింది అన్న మూడు ప్రశ్నలూ విద్యార్థి మనసులో వాటంతట అవే పుడతాయి.

7. ఆక్షేపణలు – సమాధానాలు:

ఆంగ్లంలోని ‘సపోర్ట్’ కూడా నిష్క్రియతను సూచించే మాటే కదా, తెలుగును మాత్రమే తప్పుపట్టడం న్యాయమా అన్నది మొదటి ఆక్షేపణ. ‘ఆధారం’ అనువాదంగా నిర్దుష్టమే. కానీ ఆంగ్లం పాతపేరును ఉంచుకొనే దాని చుట్టూ కొత్తక్రియలను పేర్చుకుంది. కప్పడం, ఇవ్వడం, పొర్లడం, అంచున కలవడం వంటి క్రియలు వేలాది పరిశోధనపత్రాల్లో నలిగి ‘సపోర్ట్’ అర్థాన్ని మార్చివేశాయి. తెలుగులో నామవాచకం మాత్రమే వచ్చింది, ఆ వాక్యాలు రాలేదు. అందువల్ల మాట పాత అర్థంలోనే గడ్డకట్టింది.

వృత్తిసాదృశ్యాలు అపార్థానికి దారితీస్తాయన్నది రెండవ ఆక్షేపణ. ఇది బలమైనది. కలంకారీలోని ఇనుము గుడ్డలోనే ఉండిపోతుంది, ఉత్ప్రేరకంలా మళ్లీ మొదటి స్థితికి రాదు. కళాయి ఒక పూత, ఉత్ప్రేరణ కాదు. పాలకు తోడు పెట్టడాన్ని ఉత్ప్రేరణకు ఉదాహరణగా చెప్పే అలవాటులోనూ ఇదే చిక్కు ఉంది. తోడులోని సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఉత్ప్రేరకం పెరగదు. కాబట్టి ఈ ఉదాహరణలను క్రియాపదాల కోసం మాత్రమే వాడుకోవాలి, ఎక్కడ పోలిక తెగుతుందో అదే తరగతిలో చెప్పాలి. ఆయుర్వేద భస్మాల్లో లోహాలు ఆక్సైడ్లుగా మారతాయి కనుక మన పూర్వులకు నానో ఉత్ప్రేరకాలు తెలుసుననే వాదం ఈ హద్దును దాటుతుంది. పదసంపదను గౌరవించడం వేరు, దానికి లేని ప్రయోగఫలితాలను అంటగట్టడం వేరు.

ఉన్నతపరిశోధన ఆంగ్లంలోనే జరుగుతున్నప్పుడు తెలుగు విభక్తి ఏదైతేనేం అన్నది మూడవది. పరిశోధకుడు ప్రయోగాన్ని రూపొందించే ముందు ఒక ఊహాచిత్రాన్ని నిర్మించుకుంటాడు. ఆక్సైడ్‌ను పీటగా ఊహించినవాడు చురుకుదనం తగ్గితే లోహంలోనే లోపం వెదుకుతాడు. ఆక్సైడ్‌ను భాగస్వామిగా ఊహించినవాడు పొలిమేరను పరీక్షిస్తాడు. ఆ ఊహాచిత్రం మొదట గీయబడేది మాతృభాషలోని వాక్యంతో.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ‘చర్యలో పాల్గొనకుండా’ అనే నిర్వచనాన్ని ‘చర్యలో పాల్గొని, చివరకు ఖర్చుకాకుండా’ అని సవరించాలి.

2. ‘ఆధారం’ అనే పదాన్ని తొలగించనవసరం లేదు. అది ఆక్సైడ్ చేసే పనుల్లో ఒకదానికి మాత్రమే పేరని స్పష్టం చేయాలి.

3. లోహ-ఆక్సైడ్ సంబంధాన్ని చెప్పేటప్పుడు మీద, నుంచి, కు, తో, కింద అనే మాటల్లో ఏది వర్తిస్తుందో సందర్భాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. విభక్తి ఎంపిక ఇక్కడ శైలికి సంబంధించినది కాదు, సిద్ధాంతానికి సంబంధించినది.

4. పట్టడం, అంటడం, మరవ పోవడం వంటి ప్రాంతీయపదాలను పోలిక హద్దులు చెబుతూ బోధనలో వినియోగించాలి.

5. పరిభాషానిర్మాణంలో రసాయనశాస్త్ర, తెలుగు శాఖల అధ్యాపకులు పదపట్టికలతో ఆగకుండా నమూనావాక్యాలను కలిసి రూపొందించాలి.

రసాయనశాస్త్రం ఆక్సైడ్‌ను పీట నుంచి లేపి పనిలోకి దించి దాదాపు యాభై ఏళ్లవుతోంది. తెలుగు వాక్యం దాన్ని ఇంకా కూర్చోబెట్టే ఉంచింది. దాన్ని లేపడానికి కొత్త నిఘంటువు అక్కరలేదు. వ్యాకరణం మొదటి తరగతుల్లో నేర్పిన విభక్తులను అర్థం తెలిసి వాడితే చాలు.